హైబ్రిడ్ కారులో కడిగి వాడే ఎయిర్ ఫిల్టరు: లాభమా, నష్టమా?

7.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
- ఎయిర్ ఫిల్టరు పనిని, హైబ్రిడ్ ఇంజన్ ప్రత్యేకతను వివరించగలుగుతారు.
- కాగితపు ఫిల్టరును, కడిగి వాడే దూది ఫిల్టరును పోల్చగలుగుతారు.
- ఖర్చు, ఇంజన్ రక్షణ రెండింటినీ లెక్కించి సొంతంగా ఒక నిర్ణయానికి రాగలుగుతారు.

7.1 పరిచయం

మెదక్ జిల్లా రేగోడ్‌లో ఒక హైబ్రిడ్ కారును అద్దెకు నడుపుకొనే యజమానిని ఊహించుకోండి. వారంలో కొన్ని రోజులు హైదరాబాదుకు తారు రోడ్డు మీద, మిగతా రోజులు చుట్టుపక్కల ఊళ్ల మట్టిదారుల మీద ఆ కారు తిరుగుతుంది. "ఈ ఫిల్టరు ఒక్కసారి కొంటే చాలు, కడుక్కుంటూ జీవితాంతం వాడుకోవచ్చు, మైలేజి కూడా పెరుగుతుంది" అని దుకాణదారు చెబుతాడు. కొనాలా, వద్దా? కారే జీవనాధారమైన వానికి ఇది చిన్న ప్రశ్న కాదు. ఫిల్టరు ధర వేలల్లో ఉంటే, ఇంజన్ పాడైతే అయ్యే ఖర్చు లక్షల్లో ఉంటుంది.

7.2 ఫిల్టరు ఎంత గాలిని వడపోస్తుంది?

ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. లీటరు పెట్రోలు బరువు సుమారు 0.74 కిలో. అంటే లీటరు పెట్రోలుకు దాదాపు 11 కిలోల గాలి, ఘనపరిమాణంలో సుమారు 9 ఘనపు మీటర్లు, అవసరం. ఈ గాలితోపాటు వచ్చే ధూళిలో గట్టి ఇసుక రేణువులు ఉంటాయి. అవి సిలిండరులోకి చేరితే పిస్టన్ రింగులను, సిలిండరు గోడలను సానరాయిలా అరగదీస్తాయి. ఆ అరుగుదల ఒక్కరోజులో కనబడదు. కొన్నేళ్లకు ఇంజన్ ఆయిల్ తగ్గిపోవడం, పొగ రావడం వంటి లక్షణాలతో బయటపడుతుంది.

7.3 హైబ్రిడ్ ఇంజన్ ప్రత్యేకత

టయోటా ఇన్నోవా హైక్రాస్, మారుతి గ్రాండ్ విటారా వంటి కార్లలోని పూర్తి హైబ్రిడ్ రకాలలో పెట్రోలు ఇంజన్‌కు తోడుగా విద్యుత్ మోటారు ఉంటుంది. మెల్లగా వెళ్లేటప్పుడు, ఆగినప్పుడు ఇంజన్ ఆగిపోతుంది. అందువల్ల కిలోమీటరుకు లోపలికి పోయే గాలి తగ్గుతుంది. లీటరుకు 20 కి.మీ. ఇచ్చే హైబ్రిడ్ 20,000 కి.మీ.కు 1,000 లీటర్ల పెట్రోలు, 9,000 ఘనపు మీటర్ల గాలి తీసుకుంటుంది. లీటరుకు 12.5 కి.మీ. ఇచ్చే మామూలు కారుకు అదే దూరానికి 14,400 ఘనపు మీటర్లు కావాలి. దారి ఒకటే అయినా హైబ్రిడ్ ఫిల్టరు నెమ్మదిగా నిండుతుంది. కాబట్టి "ఫిల్టర్లు మాటిమాటికి కొనే బాధ తప్పుతుంది" అనే వాదన హైబ్రిడ్ విషయంలో మొదటే బలహీనపడుతుంది.

7.4 మైలేజి పెరుగుతుందా?

పాత కార్బొరేటర్ బండ్లలో ఫిల్టరు మూసుకుపోతే గాలి తగ్గి, పెట్రోలు పాలు పెరిగేది. ఫిల్టరు మార్చగానే మైలేజి మెరుగుపడేది. మెకానిక్‌ల నోట నేటికీ వినబడే మాటకు మూలం ఇదే. నేటి ఇంజన్లలో లోపలికి వచ్చిన గాలిని సెన్సార్ కొలుస్తుంది. దానికి తగినంత పెట్రోలునే కంప్యూటర్ పంపుతుంది. పైగా పెట్రోలు ఇంజన్‌లో గాలిని నియంత్రించేది థ్రాటిల్ పలక. ఫిల్టరు కొంచెం అడ్డుపడితే, ఆ పలక మరికొంచెం తెరుచుకుంటుంది. అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల 2009లో జరిపిన పరీక్షల్లో, మూసుకుపోయిన ఫిల్టరు వల్ల ఆధునిక పెట్రోలు కార్ల మైలేజిలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. వేగం పుంజుకోవడం మాత్రం మందగించింది. మురికి ఫిల్టరే మైలేజిని తగ్గించనప్పుడు, గాలి మరింత సులువుగా పోయే ఫిల్టరు దాన్ని పెంచుతుందని ఎలా ఆశించగలం? హైబ్రిడ్‌లో వేగం పుంజుకునేటప్పుడు మోటారు కూడా తోడవుతుంది కనుక, ఇంజన్‌కు కలిగే స్వల్ప లాభం డ్రైవరుకు తెలియనే తెలియదు.

7.5 రక్షణ మాటేమిటి?

కడిగి వాడే ఫిల్టరులో నూనె పట్టించిన దూది గుడ్డ పొరలు, తీగ జాలి మధ్య ఉంటాయి. నూనెతో ధూళిని పట్టే పద్ధతి మన రైతులకు కొత్త కాదు. పాత ట్రాక్టర్లలోని ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనర్ కూడా నూనెతోనే ధూళిని పడుతుంది.

ఒక లెక్క చూద్దాం. గాలిలో ఘనపు మీటరుకు 1 మిల్లీగ్రాము ధూళి ఉందనీ, కాగితపు ఫిల్టరు 99 శాతం, దూది ఫిల్టరు 97 శాతం ధూళిని ఆపుతాయనీ అనుకుందాం. 9,000 ఘనపు మీటర్లలో 9,000 మిల్లీగ్రాముల ధూళి ఉంటుంది. మొదటి దాని గుండా 90, రెండవ దాని గుండా 270 మిల్లీగ్రాములు ఇంజన్‌లోకి పోతాయి. సామర్థ్యంలో తేడా 2 శాతమే అనిపించినా, లోపలికి చేరే ధూళి మూడింతలు. కొనేవారు అడగవలసిన ప్రశ్న "ఎంత ఆపుతుంది?" అని కాదు, "ఎంత వదిలేస్తుంది?" అని. అందుకే ఐఎస్ఓ 5011 ప్రమాణం ప్రకారం పరీక్షించిన ఫలితాన్ని అడిగి చూడాలి.

మరో రెండు చిక్కులున్నాయి. నూనె ఎక్కువగా పట్టిస్తే అది గాలిని కొలిచే సెన్సార్‌లోని సన్నని వేడి తీగపై చేరి కొలతను తప్పుదారి పట్టించవచ్చు. తక్కువైతే ధూళి జారిపోతుంది. కడిగిన తరువాత ఫిల్టరు పూర్తిగా ఆరేదాకా బండి తీయకూడదు. అద్దె బండికి ఆ తీరిక దొరకడం కష్టం.

7.6 ఖర్చు లెక్క

ధరలు కారును బట్టి మారతాయి. ఉదాహరణకు కాగితపు ఫిల్టరు రూ. 600, దూది ఫిల్టరు రూ. 5,000, దాన్ని శుభ్రపరిచే ద్రవం, నూనె కలిపి రూ. 1,600 అనుకుందాం. మొత్తం రూ. 6,600, అంటే 11 కాగితపు ఫిల్టర్ల ధర. మట్టిదారుల దృష్ట్యా 20,000 కి.మీ.కు ఒకటి మార్చినా, పెట్టిన డబ్బు తిరిగి రావడానికి 2,20,000 కి.మీ. నడపాలి. ద్రవం, నూనె మళ్లీ కొనవలసివస్తే ఆ దూరం ఇంకా పెరుగుతుంది.

7.7 మరచిపోయే మరో జాలి

చాలా హైబ్రిడ్ కార్లలో బ్యాటరీని చల్లబరిచే ఫ్యాన్ కారు లోపలి గాలినే లాగుతుంది. ఆ గాలి ద్వారానికి చిన్న జాలి ఉంటుంది. మట్టిదారుల్లో కిటికీలు తెరిచి నడిపినా, ద్వారానికి అడ్డంగా సామాన్లు పెట్టినా గాలి అందక బ్యాటరీ వేడెక్కుతుంది. వేడి బ్యాటరీ ఆయుష్షును తగ్గిస్తుంది. దీన్ని శుభ్రంగా ఉంచడానికి అయ్యే ఖర్చు స్వల్పం, లాభం ఎక్కువ. ద్వారం ఎక్కడుందో, జాలిని ఎలా తీయాలో కారుతో వచ్చిన పుస్తకంలో చూడండి.

7.8 సారాంశం

రేగోడ్ వంటి చోట హైబ్రిడ్ కారుకు కడిగి వాడే ఫిల్టరు వల్ల మైలేజి పెరగదు, డబ్బు త్వరగా తిరిగి రాదు, రక్షణ తగ్గే అవకాశం ఉంది. నాణ్యమైన కాగితపు ఫిల్టరును దుమ్ము దారులకు తగ్గట్టు ముందుగానే మార్చడం మేలు. అలాగని దాన్ని రోజూ విప్పి నేలకేసి కొట్టడం తప్పు. విప్పిన ప్రతిసారీ ధూళి లోపలికి జారవచ్చు, కాగితం చిరగవచ్చు. దూది ఫిల్టరే వాడదలిస్తే ముందుగా వారంటీ షరతులు చదవండి.

7.9 మాదిరి ప్రశ్నలు

1. హైబ్రిడ్ కారులో ఎయిర్ ఫిల్టరు నెమ్మదిగా నిండడానికి కారణమేమిటి?
2. 98 శాతం, 99.5 శాతం సామర్థ్యం గల రెండు ఫిల్టర్లు వదిలే ధూళిని పోల్చండి. (సమాధానం: మొదటిది నాలుగింతలు ఎక్కువ వదులుతుంది.)
3. మీ ఊరిలోని ఒక కారుకు సంబంధించిన నిజమైన ధరలు సేకరించి, 7.6లోని లెక్కను తిరిగి చేయండి.