మ్యూజియంలో వంటిల్లు ఎక్కడ?

సెలవుల్లో పిల్లల్ని వెంటబెట్టుకుని కడపలో భగవాన్ మహావీర్ ప్రభుత్వ మ్యూజియానికి వెళ్ళాం. 1982లో పెట్టిన మ్యూజియం అది. రాతి విగ్రహాలకు నేను వరసగా దండాలు పెట్టుకుంటూ పోతుంటే, మా చిన్నది కొంగు పట్టి లాగింది.

"అమ్మా, అప్పటోళ్ళు ఏం తినేవాళ్ళు? వంటిల్లేదీ?"

నిజమే కదూ! దేవుళ్ళున్నారు, దేవతలున్నారు. పొయ్యి ముందు కూర్చున్న ఆడమనిషి మాత్రం నాకెక్కడా కనబడలేదు.

కానీ ఆమె కబురు మన నేలలోనే దొరికింది. కడప జిల్లా హనుమంతరావుపేటలో పాతకాలపు మట్టిని పరిశోధకులు నీళ్ళలో కలిపి చూశారు. పప్పు కడిగితే తాలు పైకొచ్చినట్టు, మాడి బొగ్గయిన గింజలు తేలాయి. పచ్చి గింజ మట్టిలో కుళ్ళిపోతుంది. మాడింది వేల ఏళ్ళయినా ఉంటుంది! ఏమేం దొరికాయనుకున్నారు? ఉలవలు, పెసలు, చిరుధాన్యాలు. సుమారు మూడున్నర వేల ఏళ్ళ కిందటివి. ఆ కాలంలో మన సీమ పల్లెల్లో అండుకొర్రలు ఒక ముఖ్యమైన తిండి. మిరపకాయ మాత్రం లేదండోయ్! అది 1498 తర్వాత పోర్చుగీసువాళ్ళు తెచ్చింది.

"అయ్యో, మాడిపోయెనే" అని ఆ తల్లి ఎంత నొచ్చుకుందో! ఆ మాడిందే ఇవాళ ఆమె వంటను మనకు చెబుతోంది.

ప్రాచీన గ్రీసు దేశపు ఇల్లాలి బతుకూ ఇలా సామాన్లలోనే తెలుస్తుంది. వాళ్ళ నీళ్ళ కడవకు మూడు పిడులుండేవి. రెండు ఎత్తడానికి, ఒకటి వంచి పోయడానికి. బిందె మోసిన మనకు ఆ మూడో పిడి విలువ వేరే చెప్పాలా?

ఇంటికొచ్చాక అటక కింద మూలనున్న ఇసుర్రాయి కేసి చూశాను. అడ్డమని పారేద్దామనుకున్నదే! "ఇది ఎక్కడిదత్తా?" అని అడిగాను.

అత్త కాసేపు మాట్లాడలేదు. "కరువు సంవత్సరం నా పెండ్లి. బంగారం పెట్టలేక మా యమ్మ ఇది పంపించింది" అంది, పిడి పట్టుకుని.

ఇరవై ఏళ్ళుగా ఆమెతో ఒకే ఇంట్లో ఉన్నా, నాకు తెలియని సంగతి! ఆ మాటలే చిన్నదాని చేత అట్టముక్క మీద రాయించి, రాయి పక్కనే పెట్టాను.

మీ ఇంట్లోనూ రోలో, ఉగ్గుగిన్నో ఉండే ఉంటుంది. అది ఎవరిది, ఏ ఊరి నుంచి వచ్చింది, అందులో ఏం చేసుకునేవారు అని అడిగి రాసి పెట్టుకోండి. చెప్పేవాళ్ళు ఉన్నప్పుడే సుమా!