వంతెన కట్టినవారు బస్తీకి ఏం చేయాలి?

హైదరాబాద్‌లో ఇందిరా పార్కు దగ్గర వంతెన ఎక్కితే అశోక్‌నగర్, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ రద్దీని తప్పించుకుని బాగ్‌లింగంపల్లిలోని వీఎస్టీ దగ్గర దిగొచ్చు. 2023 ఆగస్టు 19న ప్రారంభమైన ఈ ఉక్కు వంతెనకు తెలంగాణ తొలి హోంమంత్రి నాయిని నరసింహారెడ్డి పేరు పెట్టారు. ఖర్చు సుమారు 450 కోట్ల రూపాయలు. చిక్కడపల్లి, నారాయణగూడ మీదుగా సాగే మెట్రో మార్గాన్ని ఇది క్రాస్‌రోడ్స్ దగ్గర పైనుంచి దాటుతుంది. ఒకే కూడలిలో కింద రోడ్డు, దానిపైన మెట్రో, ఆ పైన వంతెన!

ఈ సౌకర్యం కోసం ఇక్కడివాళ్లు చాలానే ఓర్చుకున్నారు. మెట్రో రైలు ఈ దారిలో 2020 ఫిబ్రవరిలో మొదలైంది. అదే ఏడాది జూలైలో వంతెనకు శంకుస్థాపన జరిగింది. ఒక పని ముగిసిందనుకునేలోపే మరొకటి!

ఇరుకు రోడ్లకు ఉక్కు అనువైనది. గర్డర్లు వేరేచోట తయారుచేసి తెచ్చి బిగిస్తారు కాబట్టి రోడ్డు మీద సెంట్రింగ్ పని తగ్గుతుంది. అయినా పునాదులకు కాంక్రీటు తప్పదు. రెడీమిక్స్ కాంక్రీటును కలిపాక సాధారణంగా రెండు గంటల్లోపు పోసెయ్యాలి. పోయడం మొదలుపెడితే మధ్యలో ఆపకూడదు. తర్వాత కనీసం వారం రోజులు తడపాలి. అందుకే కాంక్రీటు పనికి రాత్రీపగలూ తేడా ఉండదు. 2019 జనవరిలో పోలవరం దగ్గర మన నవయుగ ఇంజనీరింగ్ కంపెనీ 24 గంటల్లో 32,315 ఘనపు మీటర్ల కాంక్రీటు పోసి గిన్నిస్ రికార్డు సాధించింది. డ్యామ్ సైటులో అది ఘనకార్యం. చిక్కడపల్లి సందులో చిన్న స్లాబు వేసినా పక్కింటి పసిపాప నిద్ర లేస్తుంది.

కాబట్టి నిర్మాణ కంపెనీ చేయాల్సిన మొదటి సమాజసేవ పని చోటే మొదలవుతుంది. దుమ్ము లేవకుండా నీళ్లు చల్లడం, గుంతల చుట్టూ బారికేడ్లు, రాత్రి దీపాలు, నడిచేవాళ్లకు దారి, తవ్విన రోడ్డును వెంటనే పూడ్చడం. ఇవేవీ దానధర్మాలు కావు, కనీస బాధ్యతలు.

రెండోది కూలీల సంక్షేమం. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో వచ్చిన చట్టాలు నిర్మాణ వ్యయంలో నూటికి రూపాయి చొప్పున సెస్సు వసూలుకు దారి వేశాయి. ఆ సొమ్ముతో సంక్షేమ బోర్డు ప్రమాద పరిహారం, ప్రసూతి సాయం వంటివి ఇస్తుంది. అయితే కార్మికుడి పేరు బోర్డులో నమోదై ఉండాలి. ఊరు మారుతూ బతికే మేస్త్రీకీ, కూలీకీ ఆ నమోదు చేయించే చొరవ కంపెనీ తీసుకుంటే అంతకు మించిన సేవ లేదు.

ఆ తర్వాతే సీఎస్‌ఆర్, అంటే కంపెనీల సామాజిక బాధ్యత. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. ఏడాదికి 5 కోట్ల నికరలాభం, లేదా 1,000 కోట్ల టర్నోవర్, లేదా 500 కోట్ల నికర విలువ ఉన్న కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చుచేయాలి. తాము పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా చట్టం చెబుతోంది. సొంత వ్యాపారానికి పెట్టిన ఖర్చును ఇందులో చూపకూడదు. హైదరాబాద్‌కు చెందిన మేఘా ఇంజనీరింగ్ 2024లో యంగ్ ఇండియా స్కిల్స్ యూనివర్సిటీ భవనాలకు 200 కోట్లు వెచ్చించేందుకు ఒప్పుకున్నది ఇలాంటి నిధి నుంచే.

పెద్ద క్యాంపస్‌లు అవసరమే. కానీ అశోక్‌నగర్ గదుల్లో ఉంటూ చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో గ్రూప్స్ పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలకు మరికొన్ని కుర్చీలు, శుభ్రమైన మరుగుదొడ్లు, మంచినీళ్లు ఏర్పాటుచేయడం మధ్యస్థాయి కంపెనీకి కూడా భారం కాదు.

లాభాపేక్ష ఉన్న సంస్థ తనంతట తానే మన వీధి అవసరం కనిపెట్టాలంటే కష్టం. అడగాలి. ఏ కంపెనీ ఎంత ఖర్చుచేసిందో కేంద్ర ప్రభుత్వ సీఎస్‌ఆర్ పోర్టల్‌లో ఎవరైనా చూడొచ్చు. ఈసారి మీ వీధిలో మిక్సర్ లారీ ఆగితే, పనిచోట బోర్డు మీదున్న కంపెనీ పేరు రాసుకోండి, మీ వీధికి ఏం కావాలో ఒక కాగితం మీద పెట్టి మీ కాలనీ సంఘం తరఫున ఆ కంపెనీకి పంపండి.