అపరిగ్రహం

అపరిగ్రహం అనగా అవసరానికి మించి దేనినీ స్వీకరించకుండుట, కూడబెట్టకుండుట. పతంజలి యోగసూత్రాలలో చెప్పబడిన ఐదు యమాలలో ఇది చివరిది. జైనుల పంచ మహావ్రతాలలో కూడా ఇది ఐదవది.

జైనమతంలో

తత్త్వార్థ సూత్రం పరిగ్రహాన్ని "మూర్ఛ" అని, అనగా వస్తువులపై మమకారమని నిర్వచించింది. దిగంబర మునులు వస్త్రాన్ని సైతం త్యజిస్తారు. గృహస్థులు భూమి, బంగారం, ధనధాన్యాలు మొదలగువాటికి తామే ఒక పరిమితి విధించుకొంటారు. దీనిని పరిగ్రహ పరిమాణ వ్రతం అంటారు.

గాంధీ ఆచరణ

1901లో గాంధీ దక్షిణాఫ్రికా నుండి స్వదేశానికి బయలుదేరినపుడు అక్కడి భారతీయులు ఆయనకు బంగారు, వెండి, వజ్రాల కానుకలు ఇచ్చారు. ప్రజాసేవకు ప్రతిఫలం తీసుకొనరాదని తలచి ఆయన వాటిని సంఘసేవకై ధర్మకర్తలకు అప్పగించాడు. ఆ కానుకలలో కస్తూర్బాకు ఇచ్చిన బంగారు హారం కూడా ఉన్నది. భర్త చేసిన సేవ వెనుక తన రాత్రింబవళ్ళ చాకిరీ కూడా ఉన్నదని ఆమె వాదించింది. ఆమె సమ్మతిని ఎట్లో రాబట్టినట్లు గాంధీ ఆత్మకథలో వ్రాశాడు.

1930లో ఎరవాడ జైలు నుండి ఆశ్రమవాసులకు వ్రాసిన లేఖలలో ఆయన అపరిగ్రహాన్ని అస్తేయంతో ముడిపెట్టాడు. అక్కరలేని వస్తువును దాచుకొనుట ఆయన దృష్టిలో ఒక విధమైన దొంగతనమే.

గృహస్థునికి

ఇల్లు తేలిక చేసుకొనదలచినవారికి గృహస్థ వ్రతం ఆచరణయోగ్యమైనది. అందులో పరిమితిని ఎవరికి వారే నిర్ణయించుకొంటారు. ఇంటిల్లిపాదికీ చెందిన వస్తువుల విషయంలో మాత్రం అందరి సమ్మతీ అవసరమని కస్తూర్బా వాదన తెలుపుతున్నది.