యుద్ధభూమి నుంచి ఇంటి గడపదాకా



ఊర్మిళాదేవి నిద్ర పాట మీలో చాలామంది వినే ఉంటారు. హోసూరులోనైనా, పర్లాకిమిడిలోనైనా, తెలుగువాళ్ళ ఇళ్ళలో అమ్మమ్మలు పాడుకున్న పాట అది. పద్నాలుగేళ్ళ తర్వాత లక్ష్మణుడు ఇల్లు చేరితే ఊర్మిళ అతన్ని పోల్చుకోదు. ఎవడో పరాయివాడు వచ్చాడని గద్దిస్తుంది. దూరం వెళ్ళినవాడు తిరిగిరావడం ఒక ఎత్తు, వచ్చినవాణ్ణి గుర్తుపట్టడం మరో ఎత్తు.

అమెరికా రచయిత చార్లెస్ ఫ్రేజియర్ నవల 'కోల్డ్ మౌంటెన్' చదువుతూంటే నాకా పాటే గుర్తుకొచ్చింది. 1997లో వెలువడిన ఈ నవల ఆయనకు మొదటిది. ఆ ఏడాదే నేషనల్ బుక్ అవార్డు తెచ్చుకుంది. 2003లో సినిమాగానూ వచ్చింది.

కథాకాలం 1864. అమెరికాలో 1861 నుంచి 1865 దాకా సాగిన అంతర్యుద్ధం అప్పటికి చివరికొచ్చింది. దక్షిణాది సైనికుడు ఇన్‌మన్ మెడకు గాయమై, నార్త్ కరోలినాలో ఒక ఆసుపత్రిలో పడివున్నాడు. బయట వేరుశనగకాయలు అమ్మే పుట్టుగుడ్డిని ఓ రోజు అడుగుతాడు: "పది నిమిషాలపాటు చూపు వస్తుందంటే ఎంతిస్తావు?" ఒక్క పైసా ఇవ్వనంటాడతను. చూపు వచ్చి పోతే మనసు విషమైపోతుందేమోనని అతని భయం. ఇన్‌మన్‌ది అందుకు తిరగబడ్డ బాధ. 1862 డిసెంబరులో ఫ్రెడరిక్స్‌బర్గ్ దగ్గర, రాతిగోడ మీదికి వరసలు వరసలుగా వచ్చి కూలిపోయిన శత్రు సైనికులను చూశాడు. ఆ చూపు లేకుండా పోతే బాగుండునని అతనికి ఉంది. యుద్ధం గురించి ఈ నవల చెప్పదలుచుకున్నదంతా దాదాపు ఈ ఒక్క ఘట్టంలోనే ఉందని నేననుకుంటాను.

ఒక రాత్రి అతను కిటికీ దాటి, పడమటి కొండల్లో ఉన్న తన ఊరివైపు నడక మొదలుపెడతాడు. దారి పొడవునా పారిపోయిన సైనికులను వేటాడే హోంగార్డు దళాలు. అంటే శత్రువు కంటే సొంతవాళ్ళ భయమే ఎక్కువన్నమాట.

అక్కడ ఏడా అనే యువతి ఉంది. ఛార్లెస్టన్‌లో పెరిగి, పియానో వాయించడం, బొమ్మలు గీయడం నేర్చిన పిల్ల. మతబోధకుడైన తండ్రి చనిపోయాక, ఉన్న పొలంలో ఏం చేయాలో తోచక ఆకలితో ఉంది. పెరట్లో కోడిపుంజుకు కూడా హడలిపోయేది. అప్పుడు రూబీ వస్తుంది. వచ్చీరాగానే ఆ పుంజు మెడ విరిచి కూర వండిస్తుంది. తాను పనిమనిషిని కాననీ, ఎవరి మురికికుండ వారే పారబోసుకోవాలనీ షరతు పెడుతుంది! పియానో ఇచ్చి ఆడపందినీ మొక్కజొన్న నూకనూ తెప్పిస్తుంది. నాకు ఈ నవలలో అన్నిటికంటే నచ్చిన పాత్ర రూబీయే సుమండీ. నడక అతనిదైనా, మారింది ఎక్కువ ఏడాయే.

ఒక లోటు చెప్పాలి. ఆ యుద్ధానికి మూలమైన బానిసత్వం ఈ కథలో పక్కకే ఉండిపోయింది. నల్లవారి గొంతు చాలా తక్కువ.

చివరకు మంచు పడిన అడవిలో ఇద్దరూ ఎదురవుతారు. ఏడా చేతిలో తుపాకి. ఎదురుగా గడ్డం పెరిగిన, చిక్కిపోయిన మనిషి. ఆమె అతన్ని గుర్తుపట్టదు! అతను పొరపాటు పడ్డానేమోనని వెనుదిరగబోతాడు. అప్పుడుగానీ ఆమెకు తెలియదు. పూర్వపు పరిచయం కొద్దిపాటిది. ఆ పైన నాలుగేళ్ళ ఎడబాటు, కొన్ని ఉత్తరాలు. ఇద్దరూ కొత్తవాళ్ళే కనుక మళ్ళీ మొదటినుంచి మాట్లాడుకోవలసి వస్తుంది. కలిసి గడిపింది కొద్ది రోజులే.

హోంగార్డు దళంలో మిగిలిన ఒక కుర్రవాడిని చంపడానికి ఇన్‌మన్‌కు చేతులాడవు. తుపాకి పడేసి పొమ్మంటాడు. ఆ కుర్రవాడి గుండే అతన్ని పడగొడుతుంది. ఇంత దూరం నడిపించి రచయిత ఇలా చేశాడేమిటని మొదటిసారి నాకు కోపం వచ్చింది. రెండోసారి చదివినప్పుడు, చంపడం చేతకాని మనిషిగా మారినవాడే ఇల్లు చేరాడని తోచింది.

చివరి అధ్యాయం 1874. ఏడాకు తొమ్మిదేళ్ళ కూతురు. రూబీకి పెళ్ళయి ముగ్గురు కొడుకులు. రాత్రి మంట చుట్టూ అందరూ కూర్చుంటే, చావులోనూ విడిపోకూడదని కోరుకుని చెట్లుగా మారిన ముసలి దంపతుల పాతకథ ఒకటి ఏడా చదివి వినిపిస్తుంది.