పత్తర్‌గట్టి అంగళ్ళు

సంతలో అంగడి ఉదయమున వెలసి సాయంకాలమునకు అంతరించును. వర్తకుడు తనకు తోచినచోట పందిరి వేసికొనును. ప్రక్కవానితో అతనికి పొత్తు లేదు. పట్టణములలో అట్లు కాదు. అచ్చట అంగళ్ళు ఒకదాని నొకటి ఆనుకొని నిలుచును. ఆ వరుస కంతటికి ఒకే రూపము కల్పించినచో అది నగరమునకే అలంకార మగును. విక్టోరియా రాణి కాలమున, అనగా 1837 మొదలు 1901 వరకు, ఇంగ్లండు పట్టణములలో ఇట్టి అంగళ్ళ వరుసలు అనేకము వెలసెను. తెలుగునేలపై అట్టి వరుసకు చక్కని ఉదాహరణము హైదరాబాదులోని పత్తర్‌గట్టి.

మూసీనది దాటి చార్మినారునకు పోవు రాజవీథిలో ఈ అంగళ్ళున్నవి. ఉర్దూ భాషలో ‘పత్థర్’ అనగా రాయి. పేరునకు తగినట్లే వీథి కిరువైపుల రాతి కమానులు బారులు తీరియుండును.

ఈ కట్టడము వెనుక ఒక విపత్తు కలదు. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి వేలకొలది జనులను పొట్టన బెట్టుకొనెను. ఇండ్లు నేలమట్ట మయ్యెను. పిమ్మట ప్లేగు వ్యాధియు నగరమును పీడించెను. గాలి వెలుతురులు లేని ఇరుకు సందులు రోగములకు నెలవులని పాలకులు గ్రహించిరి. 1911లో సింహాసన మెక్కిన ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్, మరుసటి యేట నగరాభివృద్ధి సంఘమును నెలకొల్పెను. బాటలను వెడల్పు చేయుట, ఇరుకు పేటలను తొలగించి క్రొత్త ఇండ్లు కట్టించుట దాని పనులు. ఆ సంఘము కట్టించినదే పత్తర్‌గట్టి.

ఇచ్చట క్రింద అంగళ్ళు, మీద గదులు కలవు. అంగళ్ళ ముందు కమానుల నీడన నడవ యుండుటచే ఎండ వానల బాధ లేక జనులు సంచరింపవచ్చును. దీనికి వాడిన గ్రానైటురాయి, మోత్కూరు పరిసరములందు గుట్టలుగా కానవచ్చు రాతిజాతియే. రాతిలో వరుసగా రంధ్రములు తొలిచి, ఇనుపమేకులు దిగగొట్టి దానిని చీల్చుదురు. కమానులో ప్రతి రాయియు ప్రక్కరాతిని ఒత్తుచు, తానును దానిచే ఒత్తబడుచు నిలుచును. కమానులు వరుసగా నున్నచో ఒకదాని ఒత్తిడిని మరియొకటి ఆపును.

నేటికిని ఇచ్చట వస్త్రములు, ముత్యములు, అత్తరులు అమ్ముచున్నారు. కాని పెక్కుచోట్ల పేరుపలకలును విద్యుత్తీగెలును కమానులను కప్పివేసినవి. చార్మినారు పరిసరములను పాదచారులకు విడిచిపెట్టు పథకములో ఈ వీథియు చేరినది. అయినను ప్రభుత్వ మొక్కటే దీనిని కాపాడజాలదు. అంగడి లోపలి సరకు వర్తకునిది. వెలుపలి కమాను ఊరందరిది. తన పేరు పెద్దదిగా కనబడవలెనని ఒకడు ఒక కమానును మరుగుపరచినచో, చెడునది వాని అంగడి అందము మాత్రమే కాదు, వరుస యంతయును. ప్రక్కవానికి ఆనుకొనియే తాను నిలుచుచున్నానని ప్రతి వర్తకుడును తెలిసికొనిననాడు ఈ రాతికట్టడము చిరకాలము వన్నె తరుగక నిలుచును.