రక్తపరీక్ష - రచయిత బాధ్యత

రక్తపరీక్ష చీటీతో తల్లి శీలాన్ని తేల్చేసే కథలు ఇప్పటికీ నా కంటబడుతున్నాయి. ఒక జన్యువుకు ఒక గుణమనే అపోహే వీటికి పునాది. 1952లో భెండే, ఆయన సహచరులు వెల్లడించిన ‘బొంబాయి గ్రూపు’ దీన్ని ఖండిస్తున్నది.

ఎర్రకణంపై ‘ఎ’, ‘బి’ గుర్తులు ఏర్పడాలంటే ముందు ‘హెచ్’ అనే పదార్థం ఉండాలి. దానికి మూలమైన జన్యువు తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపంతోనే వస్తే, ‘బి’ జన్యువు ఉండికూడా ‘బి’ గుర్తు ఏర్పడదు. మామూలు పరీక్షలో ఆ మనిషిది ‘ఓ’ గ్రూపే అనిపిస్తుంది. కాని ‘ఓ’ రక్తం ఎక్కిస్తే ప్రాణాపాయం. అతనిలో అణగివున్న ‘బి’, తల్లినుంచి ‘హెచ్’ అందుకున్న బిడ్డలో బయటపడవచ్చు. తల్లిదండ్రులిద్దరూ ‘ఓ’, బిడ్డ ‘బి’! ఇందులో తల్లి తప్పేముంది?

జన్యువు ఒంటరిగా పనిచేయదు. తోటి జన్యువులతో కలిసే మనిషిని రూపొందిస్తుంది. వాస్తవికత కోరే రచయిత ఈ సత్యాన్ని విస్మరించి స్త్రీపై తీర్పు చెప్పరాదు.