నూలు కోసం ఎదిగిన చల్లగాలి

1902 వేసవిలో న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో సకెట్ అండ్ విల్‌హెల్మ్స్ అనే అచ్చాఫీసును చెమ్మ ముప్పుతిప్పలు పెట్టింది. రంగుల బొమ్మ అచ్చు కావాలంటే ఒకే కాగితం రంగుకొకసారి యంత్రంలో దూరాలి. చెమ్మ పెరిగితే కాగితం సాగేది, తగ్గితే ముడుచుకునేది. పసుపు మీద కూర్చోవాల్సిన ఎరుపు పక్కకు జరిగేది. ఈ చిక్కు విల్లిస్ క్యారియర్ అనే పాతికేళ్ల ఇంజనీరు చేతికి వచ్చింది. చన్నీళ్ల చెంబు మీద బొట్లు పట్టినట్టే, చల్లని గొట్టాల మీదుగా గాలిని పోనిస్తే అందులోని చెమ్మ నీరై దిగిపోతుందని అతను లెక్కలు కట్టి గీసిచ్చాడు. మనుషుల ఒళ్లు చల్లబరచాలన్న ఊసే అందులో లేదు.

కాగితం తర్వాత ఈ యంత్రాన్ని అక్కున చేర్చుకున్నది పత్తి. 1906లో క్యారియర్ పేటెంటు పొందాడు. అదే ఏడాది నార్త్ కరోలినాలోని బెల్మాంట్‌లో క్రానికల్ నూలు మిల్లులో అతని యంత్రం బిగించారు. మరుసటి ఏడు జపాన్‌లోని ఒక పట్టు మిల్లుకూ వెళ్లింది. అయితే మిల్లు బాధ అచ్చాఫీసు బాధకు పూర్తిగా ఎదురు. అక్కడ చెమ్మ చాలదు. వేల కదుళ్లు తిరిగే వేడికి గాలి ఎండిపోతే నూలు పెళుసెక్కి పుటుక్కున తెగుతుంది. పీచులకు విద్యుదావేశం పట్టి ఒకదాన్నొకటి తోసుకుంటూ గాలిలో తేలుతాయి. తగినంత తడి ఉంటే పత్తి బలం పెరుగుతుంది. అందుకే నీటి తుంపర్లలోంచి గాలిని కడిగి, అందులో తడి ఎంతుండాలో నిర్ణయించి మరీ లోపలికి వదిలేవారు.

ఈ తడిగాలి లెక్క మనవాళ్లకు కొత్తేమీ కాదు. కోయంబత్తూరులో 1910లో లక్ష్మీ మిల్స్ పెట్టిన కుప్పుస్వామి నాయుడు ఇంట్లో తెలుగు మాట్లాడే కమ్మవారి మనిషి. 1930లలో పైకారా జలవిద్యుత్తు అందడంతో అక్కడ మిల్లులు వరసగా లేచాయి. అదే తమిళనాడులో తేని జిల్లా ఆండిపట్టి కథ చిన్న మోతాదుది. పక్కనున్న సక్కంపట్టి, సుబ్బులాపురం వైపు మరమగ్గాల చప్పుడే ఊరి చప్పుడు. ఇంట్లో తెలుగు, బజారులో తమిళం మాట్లాడే కుటుంబాలు ఈ ప్రాంతంలో ఇప్పటికీ ఉన్నాయి. మగ్గం ఉన్నచోట గాలిలో దూది నుసి తప్పదు. ఏ నూలు కోసం ఈ యంత్రం ఎదిగిందో, ఆ నూలు నుసే ఇక్కడ పడకగది ఏసీకి మొదటి శత్రువు.

ఎలాగంటే, ఇంటి ఏసీ గదిలో గాలినే మళ్లీ మళ్లీ లాక్కుంటుంది. ముందున్న వల ఫిల్టర్‌కు నుసి అట్టకడితే లోపలికి పోయే గాలి తగ్గుతుంది. లోపలి కాయిల్‌కు వేడి అందదు కాబట్టి దాని ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల కిందికి దిగి, దాని మీద చేరిన నీరు గడ్డకడుతుంది. ఆ మంచు మిగిలిన సందుల్నీ మూసేస్తుంది. గది చల్లబడదు. యంత్రం ఆపగానే మంచు కరిగి గోడ వెంట కారుతుంది. వెంటనే అందరి నోటా వచ్చే మాట ‘గ్యాస్ అయిపోయింది’. ఫిల్టర్‌ను రెండు వారాలకోసారి తీసి, పంపు కింద కడిగి, నీడన ఆరబెట్టి పెడితే ఈ మాట సగం ఇళ్లలో వినపడదని నా నమ్మకం. మురికి ఫిల్టర్‌ను శుభ్రం చేస్తే కరెంటు ఖర్చు 5 నుంచి 15 శాతం దాకా తగ్గొచ్చని అమెరికా ఇంధన శాఖ లెక్క.

అసలు గ్యాస్ ఎలా అయిపోతుంది? అది పెట్రోలు కాదు, మండి ఖర్చు కావడానికి. మూసిన గొట్టాల్లో లోపల ఆవిరై గది వేడిని మోసుకుపోయి, బయట ద్రవమై ఆ వేడిని వదిలి, మళ్లీ లోపలికి వస్తుంది. గొట్టం చెక్కుచెదరనంత కాలం అదే గ్యాస్ తిరుగుతుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతోందన్నమాట. కారే చోటు వెతకకుండా ఏటేటా నింపించుకోవడం చిల్లి కుండలో నీళ్లు పోయడమే, పైగా డబ్బిచ్చి.

బయటి పెట్టె సంగతి వేరు. ఆండిపట్టి పడమటి కనుమల వాననీడలో ఉంది. చుట్టుపక్కల గాలిమరలు పాతారంటేనే అర్థమవుతుంది, ఇక్కడ గాలి ఎంత బలమైనదో. తమిళుల ఆడి నెలలో వీచే గాలి ఎర్రమట్టిని తెచ్చి, ఆ పెట్టెలో వేడిని వదిలే కండెన్సర్ రేకుల మధ్య కూరుతుంది. వేడి బయటికి పోకపోతే కంప్రెసర్ ఎక్కువ ఒత్తిడితో, ఎక్కువ కరెంటుతో గింజుకుంటుంది. అందుకని ఇక్కడ సర్వీసింగు వేసవి ముందొకసారి చాలదు, ఆడి గాలి తగ్గాక ఇంకోటి కావాలి. రేకులు పలచని అల్యూమినియం. జోరుగా నీళ్లు కొడితే వంగిపోయి, ఉన్న దారీ మూసుకుంటుంది. మెయిన్ స్విచ్ ఆపి, నెమ్మదైన ధారతో కడగాలి. నీరు పోయే సన్నపైపులో నాచు పేరుకుంటే కూడా గోడ తడుస్తుంది. అదీ ఆ పనిలోనే చూసుకోవాలి.

ఇక గ్యాస్ రకం. పాత ఏసీల్లో ఆర్-22 ఉండేది. అది ఓజోన్ పొరను తింటుంది కాబట్టి 1987 మాంట్రియల్ ఒప్పందం బాటలో క్రమంగా పక్కకు పోతోంది. కొత్తవాటిలో ఎక్కువగా ఆర్-32. ఇది ఓజోన్ జోలికి పోదు గానీ కాస్త మండే గుణం ఉంది, ఒత్తిడీ ఎక్కువ. పాత సిలిండరు చేతిలో ఉంది కదా అని కొత్త యంత్రంలో పోయించుకోకూడదు. లీకు మూశాక గొట్టాల్లోని గాలిని, తడిని వాక్యూమ్ పంపుతో లాగేసి, తూకం వేసి నింపాలి. ఏ గ్యాసో, ఎన్ని గ్రాములో బయటి పెట్టెకు అంటించిన పట్టీ మీద రాసి ఉంటుంది. మెకానిక్ మీటరు తగిలించేలోగా ఆ పట్టీ మీరు చదివి ఉంచుకోండి.